లోకల్ ట్యాంకర్ డ్యూటీ: తిరిగినదానికి డబ్బులున్నాయి, నిలబడినదానికి లేవు

ఈ పనిలో చేరదామనుకునేవాళ్లంతా ముందు అడిగేది జీతమెంత అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. బండి కదలకుండా నిలబడిన గంటలకు డబ్బులెవరిస్తారు? టెర్మినల్, అంటే ట్యాంకర్లకు లోడు ఎక్కించే చమురు డిపో నుంచి బంకులకు పెట్రోలు, డీజిల్ తోలడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఆ ఒక్క లెక్క తిన్నగా లేకపోతే ఎంత మంచి రేటైనా నెలాఖరుకు కరిగిపోతుంది. లైసెన్సులు, ప్రమాదకర సరుకు శిక్షణ, బండి కెపాసిటీలు అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

మంచి ముందు చెప్పేస్తా. లాంగ్ రూట్ వదిలేసి ఇటు వచ్చింది రోజూ ఇంటికి చేరొచ్చని. అది నిజమే, క్యాబిన్‌లో ముడుచుకుని పడుకునే బాధ తప్పింది. కాకపోతే రోజూ ఇంటికి అంటే రోజూ ఒకే వేళకు అని కాదు. ఒక వారం తెల్లవారుజామున రెండింటికి ఎక్కాలి, ఇంకో వారం సాయంత్రం నాలుగింటికి. పైగా ఒకే బండిని ఇద్దరం నడుపుతాం. నేను దిగితే గానీ అతను ఎక్కడానికి లేదు. నాకు ఆలస్యమైతే అతని డ్యూటీ వెనక్కి జరుగుతుంది, అతనికి ఆలస్యమైతే నాది. రేట్లు పెరుగుతాయన్న పుకారు లేస్తే ప్రతి బంకువాడికీ ఆ రాత్రే లోడు కావాలి. తగ్గుతాయంటే ఒక్కడూ ఆర్డరు పెట్టడు. కాబట్టి ఇంటికైతే చేరతాను, ఇంట్లోవాళ్లు మేలుకుని ఉండగా చేరతానా అన్నది వేరే సంగతి.

ఇక డబ్బులు. నాది ట్రిప్పు లెక్క. లోకల్ కాబట్టి దూరం తక్కువ, దాంతో పాటే రేటూ తక్కువ. రోజుకు రెండో మూడో లోడ్లు పడితేనే గిట్టుబాటు. నిజానికి ఈ పనిలో స్టీరింగ్ పట్టుకునే సమయమే తక్కువ. కొత్త టెర్మినళ్లలో కింద నుంచి ఆర్మ్ (లోడింగ్ గొట్టం) తగిలిస్తే నిమిషానికి రెండు వేల లీటర్ల దాకా ఎక్కుతుంది, ఇరవై వేల లీటర్ల బండికి అటూ ఇటూగా అరగంట చాలు. ఆ అరగంట పనికి గేటు బయట రెండు మూడు గంటల క్యూ. పోనీ ఆ క్యూలోనైనా కాసేపు కునుకు తీద్దామంటే కుదరదు. పది పదిహేను నిమిషాలకోసారి ముందు బండి కదులుతుంది, ఇంజిన్ స్టార్ట్ చేసి ఒక బండి పొడవు ముందుకెళ్లి మళ్లీ ఆపాలి. కదలకపోతే వెనకవాడు హారన్ మోగిస్తాడు, లేదా పక్కనుంచి దూరిపోతాడు. దాన్ని విశ్రాంతి అనలేం. పని అందామంటే దానికి డబ్బుల్లేవు.

చట్టాలు గంటలను లెక్కపెడతాయి, అది వేరే వరస. అమెరికాలో డ్యూటీ ఎక్కాక 14 గంటల లోపే 11 గంటల డ్రైవింగ్ ముగించుకోవాలి. గేటు దగ్గర ఊరికే నిలబడినా ఆ 14 గంటల గడియారం తిరుగుతూనే ఉంటుంది. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. భారత్‌లో 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 అని రాసింది. ఇవన్నీ డ్రైవరు అలిసిపోయి ఎవరినీ గుద్దకుండా చూసేవి, అవసరమే. కానీ ట్రిప్పు లెక్కలో ఉన్నవాడికి గంటలు అయిపోవడమంటే ఇంకో లోడు పోవడమే.

గొడవంతా నాకు పూర్తిగా అర్థమైంది ఒక వానరోజున. మొదటి లోడు తీసుకుని చెప్పిన టైముకే బంకుకు చేరాను. నిప్పురవ్వ పుట్టకుండా ఎర్తింగ్ క్లిప్పు తగిలించి, కోన్లు పెట్టి, మేనేజర్ ఎదురుగా భూగర్భ ట్యాంకులో డిప్ రాడ్, అంటే కొలత కడ్డీ, దించాం. రాడ్‌కు పూసిన పేస్టు రంగు మారిన చోటు చూసి, చార్టులో లీటర్లు తీస్తే ట్యాంకులో ఖాళీ 4,300 లీటర్లే. నా బండి ట్యాంకు గదులుగా ఉంటుంది, ఒక్కో గది, అంటే కంపార్ట్‌మెంటు, 5,000. పోనీ కొంత దింపి కొంత ఉంచుకుందామా అంటే నా బండికి మీటరు లేదు. కంపార్ట్‌మెంటు తెరిస్తే మొత్తం దించాల్సిందే, సగంలో ఆపితే ఎంత దిగిందో తేల్చేదెవరు? భూగర్భ ట్యాంకును అంచుదాకా నింపడానికి కూడా లేదు. ఒక చోట 95 శాతం, ఇంకో చోట 97, ఎక్కడైనా గీత ఉంటుంది, అది దాటితే పొంగి నేలపాలవుతుంది. అంటే ఇంకో 700 లీటర్లు అమ్ముడుపోయే దాకా ఆగాలి.

వానలో బంకుకు ఎవరొస్తారు? కారు వస్తే ముప్పై లీటర్లు, బైకు వస్తే మూడు. మేనేజరూ నేనూ షెడ్డు కింద నిలబడి వచ్చే ప్రతి బండినీ పెళ్లివారి కోసం చూసినట్టు చూశాం. ఒకతను కారు ఆపి టైర్లలో గాలి కొట్టించుకుని వెళ్లిపోయాడు, ఆ మనిషి మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ గుర్తే. లోడు విప్పేసరికి మధ్యాహ్నం దాటింది. దించుతున్నంతసేపు పక్కనే ఉండాలి, వాల్వు వదిలి అటూ ఇటూ పోకూడదు, కాబట్టి అక్కడా కూర్చున్నది లేదు. తిరిగి టెర్మినల్‌కు చేరేసరికి ఆ రోజు లోడింగ్‌కు గేటు మూసేశారు. రోజంతటికీ ఒక్క ట్రిప్పు డబ్బులు.

ఆఫీసుకు ఫోన్ చేస్తే, ముందురోజు అమ్మకాలను బట్టి ఆర్డరు వేశాం, వాన పడుతుందని మేం కలగన్నామా అన్నారు. సరే, వాళ్లు కలగనలేదు, బంకువాడూ కలగనలేదు. మరి ఆ తప్పిన అంచనా ఖర్చు డ్రైవరు జేబులోంచే ఎందుకు పోవాలి? నా గొడవల్లా అదే. తరుగు లెక్కలోనూ ఇదే పద్ధతి. పెట్రోలు ఒక్కో డిగ్రీ చల్లబడితే వెయ్యి లీటర్లకు ఒక లీటరు పైచిలుకు కుంచించుకుపోతుంది. ఎండలో వేడెక్కిన సరుకు ఇరవై వేల లీటర్లు ఎక్కించుకుని, అయిదు డిగ్రీలు తగ్గాక కొలిస్తే నూటిరవై లీటర్ల తేడా. డెన్సిటీ, టెంపరేచర్ రెండూ చూసి లెక్కగడితే ఒక్క చుక్కా పోలేదని తేలుతుంది. అంత ఓపిక లేని చోట ముందుగా అనుమానం పడేది డ్రైవరు మీదే. మొదట్లో నా జీతంలో కోతలు పడ్డాయి. చలానా మీద ఆ రెండు అంకెలు రాయించుకుని సంతకం పెట్టించడం మొదలయ్యాక ఆగాయి.

ఇప్పుడు కొంత మారింది. డ్రైవర్లమంతా కలిసి అడగ్గా అడగ్గా వెయిటింగ్ డబ్బులు ఇస్తున్నారు. మొదటి గంట లెక్కలోకి రాదు, ఆ తర్వాత గంటకింత. ఆ మాట విన్నరోజు ఈ కంపెనీని కనబడిన ప్రతివాడికీ మెచ్చుకుని చెప్పాను. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నా. వెయిటింగ్ స్లిప్పు మీద వచ్చిన టైము, విప్పిన టైము బంకు మేనేజరు రాసివ్వాలి. ఆలస్యం తన లెక్కలో పడుతుందని తెలిసిన మేనేజరు పెన్ను వెతకడానికే పది నిమిషాలు తీసుకుంటాడు. టెర్మినల్ గేటు క్యూకు అసలు స్లిప్పే లేదు, అక్కడి గంటలు ఇంకా గాలికే. మొత్తం మీద మునుపటికంటే నయం, అంతే.

చేరమంటానా అంటే, ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. నా ఇల్లు టెర్మినల్‌కు దగ్గర, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పగలు కిటికీలు మూసుకుని నిద్రపోగలను. నాకు సరిపోయింది. ఇంటర్వ్యూలో ట్రిప్పు రేటు చెప్పి ఊరుకుంటే మాత్రం ఒప్పుకోకండి. పోయిన నెలలో ఒక్కో బండి సగటున ఎన్ని లోడ్లు తిరిగిందో అడగండి, వెయిటింగ్ స్లిప్పు నమూనా చూపించమనండి. గంట జీతమిచ్చే చోటు దొరికితే, రేటు కాస్త తక్కువగా కనబడినా నేనైతే అటే మొగ్గుతాను. నా బండి పంచుకునే రెండో డ్రైవరుకు చిన్నపిల్లలున్నారు, అతను అప్పుడే పాల ట్యాంకర్ల వైపు చూస్తున్నాడు, అక్కడ గంటల లెక్కట. అతను వెళ్లిపోతే పగటి షిఫ్టు నాకొస్తుంది కాబట్టి, ఈ విషయంలో నా సలహా అతను అడగకపోవడమే మంచిది.