పంపు, గేజ్ ఉన్న బీఎఫ్‌ఆర్ కఫ్‌లు ఆన్‌లైన్‌లో కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

మోకాలి ఆపరేషన్ తర్వాత తొడ సన్నబడిందనో, జిమ్‌లో చేతులు త్వరగా పెరగాలనో బీఎఫ్‌ఆర్ కఫ్‌ల కోసం వెతుకుతున్నవాళ్లు చాలామందే ఉంటారు. బీఎఫ్‌ఆర్ అంటే బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్: బీపీ చూసే పట్టీలాంటి కఫ్‌తో రక్తప్రవాహం తగ్గించి, తక్కువ బరువుతోనే కండ పెంచే పద్ధతి. 2,199 రూపాయలకి రెండు కఫ్‌లు, ఒక రబ్బరు పంపు, గాలి ఒత్తిడి చూపించే గుండ్రటి గేజ్ నల్ల సంచిలో పెట్టి అమ్ముతున్న సెట్ కనిపిస్తే కాస్త ఆగండి. నేను కొన్నాను. చివరికి వంటింటి కత్తెరతో ట్యూబు కోసి కాలు విడిపించుకోవాల్సి వచ్చింది.

షటిల్ ఆడుతుంటే మోకాలు మెలితిరిగి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) తెగింది. ఆపరేషన్ అయిన మూడో నెలలో టేపు పెట్టి చూస్తే కుడి తొడ ఎడమదానికంటే 3 సెంటీమీటర్లు తక్కువ. బరువు ఎత్తితే మోకాలు ఒప్పుకోదు, ఎత్తకపోతే కండ రాదు. అప్పుడు మా ఫిజియో మేడమ్ ఈ పద్ధతి మొదలుపెట్టారు. తొడ పైభాగంలో, గజ్జలకి దగ్గరగా కఫ్ కట్టి గాలి నింపుతారు. కాల్లోకి వచ్చే రక్తం తగ్గుతుంది కానీ ఆగదు, తిరిగి పైకి వెళ్లాల్సిన రక్తం మాత్రం చాలావరకు కాల్లోనే నిలబడుతుంది. అలా ఉంచి, మనం ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20 నుంచి 30 శాతంతోనే వ్యాయామం చేయిస్తారు. మొదట 30 సార్లు, తర్వాత 15 చొప్పున మూడు సెట్లు, మధ్యలో అర నిమిషం నుంచి నిమిషం విరామం. రెండు కిలోల బరువుకే తొడ భగ్గుమంటుంది.

ఇది మోసపు పద్ధతి కాదు, ఆ మాట ముందే చెప్పాలి. జపాన్‌లో యోషియాకి సాటో అనే ఆయనకి 1966లో ఒక బౌద్ధ కార్యక్రమంలో చాలాసేపు మోకాళ్లు మడిచి కూర్చుంటే పిక్కలు వ్యాయామం చేసినట్టు బిగిశాయట. మనమైతే వ్రతంలో పీట మీద కాళ్లు తిమ్మిరెక్కితే లేచి దులుపుకుంటాం. ఆయన దాని వెంటపడి ‘కాట్సు’ అనే శిక్షణనే తయారుచేశారు. నా గొడవ పద్ధతితో కాదు, నేను కొన్న సరుకుతో.

క్లినిక్‌లో ఒక్కో సెషన్‌కి 800, వారానికి మూడు. నేను లెక్క వేసుకున్నాను. సెట్ కొనేస్తే వారంలో పెట్టుబడి వచ్చేస్తుంది కదా అనుకున్నాను. మేడమ్‌కి చెప్పలేదు. పెట్టెలో ఒక కార్డు ఉంది, ఎంత ఒత్తిడి పెట్టాలో బీపీ అంకెల్లాగే: చేతులకి 150, కాళ్లకి 200. అంతే. సన్నగా ఉన్నవాడికీ 200, నాలాగా 88 కిలోలున్నవాడికీ 200. గాలి ఏమీ లేనప్పుడు కూడా గేజ్ ముల్లు సున్నా మీద కాకుండా దాని పక్క గీత మీద ఉంది. చూశాను, పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం కుర్చీలో కూర్చుని కార్డు చెప్పినట్టే 200 దాకా కొట్టాను. మొదటి 30 అయ్యేసరికి పాదం బరువెక్కింది. పనిచేస్తోంది కాబోలు అనుకున్నాను. మూడో సెట్ మధ్యలో వేళ్లు కదుపుతున్నానో లేదో తెలియలేదు. కిందికి చూస్తే పాదం బూడిద రంగులో ఉంది. బొటనవేలు గోరు నొక్కి వదిలితే తెల్లగా అలాగే ఉండిపోయింది. మామూలుగా రెండు సెకన్లలో ఎర్రబడాలి. పంపు దగ్గర గాలి వదిలే స్క్రూ తిప్పితే అది ఊరికే తిరుగుతోంది, గాలి పోవడం లేదు. ఆ కంగారులో వెల్క్రో కొస చేతికి దొరకలేదు. మా ఆవిడ కత్తెర తెచ్చి ట్యూబు కోసింది. తర్వాత పాదంలో సూదులు గుచ్చినట్టు మంట. తొడ చుట్టూ ఊదారంగు చార వారం రోజులు ఉంది, పాదం పైన మొద్దు నాలుగు రోజులకి పోయింది.

సిగ్గుపడుతూ మేడమ్‌కి చూపించాను. తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. నా గేజ్‌నీ, తన బీపీ మెషీన్ గేజ్‌నీ టీ ఆకారపు ముక్కతో ఒకే కఫ్‌కి కలిపి గాలి కొట్టారు. ఆవిడది 150 చూపిస్తుంటే నాది 110 దగ్గర ఉంది. తర్వాత చీలమండ దగ్గర డాప్లర్ (రక్తం పారే శబ్దం వినిపించే చిన్న పరికరం) పెట్టి, క్లినిక్‌లోని వెడల్పాటి కఫ్‌తో చూశారు. ‘షూ షూ’ మనే నాడి శబ్దం 170 దగ్గర ఆగింది. నాకు రక్తం పూర్తిగా ఆగే ఒత్తిడి అది. అందులో 40 నుంచి 80 శాతం మధ్యే పెట్టాలి, నాకు ఆవిడ పెట్టేది 100. అదే తొడకి నా సెట్‌లోని కోయని రెండో కఫ్, 5 సెంటీమీటర్ల వెడల్పుది, కడితే శబ్దం 225 దగ్గర ఆగింది. కఫ్ సన్నగా ఉంటే అంకె మారిపోతుంది, తొడ లావును బట్టీ మారుతుంది. మరి నా గేజ్ 200 చూపించినప్పుడు అసలు ఒత్తిడి 250 దాటే ఉంటుందన్నారు. అంటే నేను చేసింది బీఎఫ్‌ఆర్ కాదు, కాలికి రక్తం బంద్ చేసి కుర్చీలో వ్యాయామం.

కాబట్టి కొనాలనే ఉంటే, మీ కాలికి, ఆ కఫ్‌తోనే ఎవరైనా డాప్లర్‌తో కొలిచాకే వాడండి. గేజ్ లేని ఎలాస్టిక్ బెల్టులైతే ఎంత బిగించారో చెప్పే దిక్కే లేదు. కాళ్లలో రక్తం గడ్డలు వచ్చి తగ్గినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, గర్భిణులు, కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లు డాక్టరుని అడగకుండా అసలు ముట్టుకోవద్దు. చేసిన మర్నాడు మూత్రం కోలా రంగులో వస్తే ఆసుపత్రికి వెళ్లండి, కండ దెబ్బతిని కిడ్నీల మీదకి రావచ్చు.

అమ్మే పేజీలో ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ అని ఒక సర్టిఫికెట్ బొమ్మ పెట్టారు, దానికీ నేను పడిపోయాను. రిజిస్టర్ అయితే ఆమోదించినట్టు కాదని, అలాంటి సర్టిఫికెట్లు తాము ఇవ్వమని, మందులు, వైద్య పరికరాలను పర్యవేక్షించే అమెరికా ఎఫ్‌డీఏనే చెబుతోంది. పెట్టె మీద దిగుమతి చేసినవాళ్ల పేరు, అడ్రస్ కూడా లేవు.

రిటర్న్ పెడితే ‘వాడిన హైజీన్ వస్తువు తీసుకోము’ అన్నారు. పికప్‌కి వచ్చిన అబ్బాయి ట్యూబు చూసి ‘కోసేశారు కదా సార్’ అని వెళ్లిపోయాడు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనంటే కుదరదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫొటోలు పంపాక పన్నెండు రోజులకి డబ్బు వచ్చింది.

ఇంకో సంగతి, ఒప్పుకోక తప్పదు. పెట్టెలో ఇంకో చీటీ ఉంది: ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ పంపితే 200 రూపాయల క్యాష్‌బ్యాక్. కఫ్ ఒక్కసారి కూడా కట్టకముందే ‘సూపర్ ప్రొడక్ట్, వాల్యూ ఫర్ మనీ’ అని నేనే రాశాను. మీరు చూసే ఆ వందల స్టార్లలో ఒకటి నాది. ఇప్పుడు ఒక్క స్టార్‌కి మార్చి ఇదంతా రాశాను, పది రోజులుగా ‘పరిశీలనలో ఉంది’ అనే చూపిస్తోంది. ఆ 200 కూడా ఇంతవరకు పడలేదు.