స్టేడియంలో రాక్ కాన్సర్ట్: గ్రౌండ్‌లో నిలబడాలా, సీటు కొనాలా?

పెద్ద బ్యాండ్ కాన్సర్ట్ ఉందంటే చాలు, తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: కింద నిలబడితే మేలా, పైన కూర్చుంటే మేలా? రెండూ చూశాను. మొన్న మళ్లీ గ్రౌండ్ టికెట్టే కొన్నాను, కానీ స్టేజీ ముందుకి మాత్రం వెళ్లలేదు.

బ్యాండువాళ్లు ఎంత దగ్గరగా కనిపిస్తారా అని చాలామంది చూస్తారు. నాకు ఎలా వినిపిస్తుందన్నదే ముఖ్యం. ఒకసారి పొద్దున్నుంచీ క్యూలో నిలబడి బారికేడ్ దాకా చేరాను. గిటారిస్టు వేలికి చుట్టుకున్న టేపు కూడా కనిపించింది, పాటలో మాటలు మాత్రం సగం అందలేదు. పెద్ద స్పీకర్లను ఎత్తున వేలాడదీస్తారు కాబట్టి వాటి శబ్దం చాలావరకు ముందువాళ్ల తలల మీదుగా వెనక్కి పోతుంది. వాళ్లకి స్టేజీ అంచున పెట్టిన చిన్న స్పీకర్లే దిక్కు. పక్కనే నేల మీద బేస్ బాక్సులు. డ్రమ్ము దెబ్బ పక్కటెముకలకు తగులుతుంది, గొంతు అందులో మునిగిపోతుంది.

పై సీట్లది ఇంకో చిక్కు. శబ్దం సెకనుకు 340 మీటర్లకు కాస్త పైన ప్రయాణిస్తుంది. స్టేజీకి 100 మీటర్ల దూరంలో కూర్చుంటే దాదాపు 0.3 సెకను ఆలస్యం. తెర మీద డ్రమ్మర్ కర్ర దిగిపోయాక దెబ్బ వినిపిస్తుంది. అయితే ఆ ఆలస్యమే పైనుంచి చూస్తే ఎంతో అందంగా ఉంటుంది: చప్పట్లు ముందు వరుసల్లో మొదలై, అలలా వెనక్కి పాకుతూ వస్తాయి. అది కిందున్నవాళ్లకి కనిపించదు.

1965లో న్యూయార్క్‌లోని షియా స్టేడియంలో బీటిల్స్ బ్యాండు 55,000 మందికి పైగా జనం ముందు పాడితే, అరుపుల్లో పాటే వినిపించలేదు. ఆ రోజుల్లో ఎక్కడున్నా ఒకటే. ఇప్పుడు అలా కాదు, నిలబడే చోటే తేల్చేస్తుంది.

అందుకే నా ఓటు గ్రౌండ్ మధ్యలో ఉండే మిక్సింగ్ డెస్క్ పక్కకి. సౌండ్ ఇంజనీరు అక్కడ తన చెవికి వినిపించేదాన్ని బట్టే అన్నీ సరిచేస్తాడు. మొన్న అక్కడ నిలబడ్డప్పుడు, బ్యాండంతా ఆగి గాయకుడొక్కడే గిటార్ అందుకున్నాడు. తీగ మీద వేలు జారిన కీచు శబ్దం కూడా వినిపించింది. చుట్టూ అంత జనంలో నాకు కళ్లు చెమర్చాయి.

మోకాళ్ల నొప్పులున్నా, చిన్నపిల్లలు వెంట ఉన్నా ఆలోచించకుండా సీటే తీసుకోండి. స్టేజీ పక్కవైపు సీట్లు వద్దు, తెర సరిగ్గా కనిపించదు. అద్దాల గదుల్లాంటి బాక్సు సీట్లు మాట్లాడుకోవడానికి బాగుంటాయి, అంతే.

ఎక్కడున్నా ఇయర్ ప్లగ్స్ మర్చిపోకండి. ఇలాంటి చోట్ల 15 నిమిషాల సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. బేస్ బాక్సుల దగ్గర నిలబడ్డ ఆ రాత్రి నా చెవుల్లో మొదలైన గుయ్‌మనే మోత రెండు రోజులకి గానీ పోలేదు.