టాప్ 100 అని అమ్మి టాప్ 20 చూపిస్తున్నారు: ర్యాంక్ ట్రాకర్ ఏడాది ప్లాన్ కొనేముందు చదవండి

దసరా ఆఫర్ అనగానే ఎగబడి ఏడాది ప్లాన్ తీసుకున్నాను. 30 వేల పైచిలుకు ఒకేసారి కార్డు మీద పోయింది. గూగుల్‌లో మన సైట్ ఎన్నో స్థానంలో వస్తుందో రోజూ చూసి చెప్పే టూల్, అదే ర్యాంక్ ట్రాకర్. దాని పేరు రాయను. ఎస్ఈఓ పని, అంటే సైట్లని గూగుల్‌లో పైకి తెచ్చే పని చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా, యూట్యూబ్ తెరిస్తే వీడియోకి ముందు వచ్చేది వాళ్ల యాడే. అప్పటిదాకా నెలనెలా కట్టుకుంటూ హాయిగా ఉన్నవాణ్ని. "ప్రతి కీవర్డ్‌కీ టాప్ 100, రోజూ అప్‌డేట్" అని, అంటే జనం వెతికే ప్రతి మాటకీ మొదటి 100 ఫలితాల్లో సైట్ ఎక్కడుందో రోజూ చూస్తామని, ప్లాన్ పేజీలో లావు అక్షరాలతో ఉంటే నమ్మాను. నమ్మకపోతే డిస్కౌంట్ పోతుంది కదా మరి.

నా క్లయింట్లలో కడియం నర్సరీ ఆయన ఒకరు. మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, పూల మొక్కలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. సైట్ కొత్తది. కీవర్డ్‌లలో చాలావరకు గూగుల్ మూడో పేజీ, నాలుగో పేజీలో ఉండి మెల్లగా పైకి వస్తున్నాయి. ఆ పైకి రావడాన్ని చూపిస్తేనే నాకు నెల డబ్బులు. అలాంటిది రిపోర్టు తెరిస్తే 20 దాటిన ప్రతి కీవర్డ్ పక్కనా ఎర్ర బాణం, "టాప్ 100లో లేదు" అని రాసి ఉంది. ఆ రిపోర్టు ఆటోమేటిక్‌గా ఆయన మెయిల్‌కి కూడా వెళ్లిపోయింది. వెంటనే ఫోను. "ఏవండీ, పోయిన నెల 34 అన్నారు, అంతకుముందు 41 అన్నారు. ఇప్పుడు అసలు లేదంటన్నారేంటండీ? మన సైటుని గూగులోళ్లు తీసేశారా?"

ఏం చెప్పను? ఇన్‌కాగ్నిటో విండో తెరిచి ఒక్కో పేజీ తిప్పుకుంటూ చేత్తో వెతికాను. మూడో పేజీలో కొన్ని, నాలుగో పేజీలో కొన్ని, అన్నీ ఉన్నాయి. సైట్ ఎక్కడికీ పోలేదు. టూలే రెండో పేజీ దాటి చూడటం మానేసింది. మానేసి "చూడలేదు" అని చెప్పకుండా "లేదు" అని రాసింది. నా కడుపుమంట అంతా ఈ ఒక్క మాట దగ్గరే.

దీని వెనక సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ల కోసం గబగబా చెప్తాను. గూగుల్ సెర్చ్ అడ్రస్ చివర నమ్ ఈక్వల్స్ 100 (&num=100) అని తగిలిస్తే 100 ఫలితాలు ఒకే పేజీలో వచ్చేవి. ర్యాంక్ ట్రాకర్లలో చాలావాటికి అదే ఆధారం. 2025 సెప్టెంబర్ రెండో వారంలో గూగుల్ దాన్ని పనిచేయకుండా చేసింది. అడిగితే, ఆ పద్ధతిని మేం అధికారికంగా ఎప్పుడూ సపోర్ట్ చేయలేదు అంది. ఇప్పుడు పేజీకి పదే. టాప్ 100 కావాలంటే ఒక్కసారి తెచ్చే చోట పదిసార్లు తేవాలి, ఖర్చూ దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. అదే ఏడాది జనవరిలోనే జావాస్క్రిప్ట్ (బ్రౌజర్‌లో నడిచే కోడ్) లేకుండా ఫలితాలు ఇవ్వనని గూగుల్ మొరాయిస్తే చాలా టూల్స్ కొన్నాళ్లు తడబడ్డాయి. కాబట్టి వీళ్ల కష్టం నిజమే, కాదనను. కొన్ని కంపెనీలు ఇకనుంచి ఇంతవరకే చూపిస్తాం, ఇదీ కారణం అని బాహాటంగా పోస్టులు పెట్టాయి. వాటిమీద నాకు ఏ కోపమూ లేదు.

నా టూల్ వాళ్లు మాత్రం సెప్టెంబర్ రెండో వారంలో జరిగింది తెలిసీ, సెప్టెంబర్ చివర్లో నాకు "టాప్ 100" అని అమ్మారు.

సపోర్ట్ చాట్‌లోకి వెళ్లాను. ముందు నవ్వు ముఖం బొమ్మతో "గూగుల్ మార్పుల వల్ల ఇండస్ట్రీ అంతటా ఇదే పరిస్థితి" అన్నాడు. సరే బాబూ, మరి ఆ మార్పు తర్వాత నాకెలా అమ్మారని అడిగాను. "ప్రైసింగ్ పేజీలో టాప్ 20 అనే ఉంది, చూడగలరు" అన్నాడు. వెళ్లి చూద్దును కదా, నిజంగానే 20 అని ఉంది! రాత్రికి రాత్రి మార్చేశారు. ఇన్‌వాయిస్‌లో ప్లాన్ పేరు తప్ప ఇంకేమీ ఉండదు. నిబంధనల్లో ఫీచర్లు ఎప్పుడైనా మార్చుకునే హక్కు ఉందంటూ లింకు కూడా పంపాడు, పాపం శ్రమపడి.

పోనీ ఒక్క పని చెయ్యండి, "లేదు" అని కాకుండా "చూడలేదు" అని రాయండి, నా క్లయింట్‌కి సమాధానం చెప్పుకుంటాను అన్నాను. దానికి వచ్చిన జవాబు: "20 తర్వాత ఉన్న ర్యాంకుకి ఎలాగూ క్లిక్కులు రావు కదా సార్, మీ క్లయింట్‌కి నష్టం ఏముంది?"

చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అంత పనికిరానిదైతే ఏళ్ల తరబడి 100 అని ఊదరగొట్టి ఎందుకు అమ్మారు నాయనా? అక్కడితో ఆగాడా అంటే, మరుక్షణమే "పూర్తి 100 కావాలంటే యాడ్-ఆన్ ఉంది సార్" అని రేటు పెట్టాడు. ఇప్పుడేగా పనికిరాదన్నావు! రీఫండ్ అడిగితే కొన్న వారం లోపే అడగాలట. చాట్ మూసేసి, మా సేవ ఎలా ఉంది అని ఐదు చుక్కలు ఇచ్చారు. ఒక్కటి నొక్కాను. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది.

ఇంకో తమాషా. రుజువుగా చూపిద్దామని నర్సరీ ఆయన సెర్చ్ కన్సోల్ (సైటు యజమానులకి గూగుల్ ఇచ్చే లెక్కల పేజీ) తెరిస్తే అక్కడా ఇంప్రెషన్లు, అంటే ఫలితాల్లో సైట్ కనబడిన లెక్క, ధబేల్న పడి ఉన్నాయి, అదీ సెప్టెంబర్ రెండో వారం నుంచే. టెన్షన్ రెట్టింపైంది. తీరా చూస్తే క్లిక్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి, సగటు పొజిషన్ పైపెచ్చు మెరుగైంది. ఇలాంటి టూల్స్ రోబోలు 100 ఫలితాల పేజీ తెరిచినప్పుడల్లా అడుగున ఉన్న సైట్లకి కూడా ఇంప్రెషన్ పడేది, ఆ దారి మూసుకుపోయేసరికి అవి మాయమయ్యాయి. అంటే ఇన్నాళ్లూ "మీ సైటుని ఇంతమంది చూశారండీ" అని నేను ఆయనకి గొప్పగా చూపించిన గ్రాఫులో ఎంతమంది మనుషులో, ఎన్ని రోబోలో దేవుడికే తెలియాలి. ఆయనకి ఇది ఫోన్‌లో చెప్పడానికి నాకు చెమటలు పట్టాయి. "అయితే మొక్కలు కొనేవాళ్లు తగ్గలేదంటారు, అంతేనాండీ?" అన్నారు. నేను తీసుకునే ఫీజులో సగం ఆయనకే ఇవ్వొచ్చు.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. ఎన్నో ర్యాంకు వరకు చూస్తారు, రోజూనా వారానికోసారా, అది మెయిల్‌లో రాయించుకోండి, ప్లాన్ పేజీని డబ్బు కట్టేముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఏడాది ప్లాన్ జోలికి వెళ్లకండి, గూగుల్ రేపు ఇంకేం మారుస్తుందో టూల్ అమ్మేవాడికీ తెలియదు. రిపోర్టులో 20 దాటినవన్నీ ఒకేరోజు మాయమైతే కంటెంట్ మార్చేయకండి, ముందు సెర్చ్ కన్సోల్‌లో క్లిక్కులు చూడండి. 2025 సెప్టెంబర్‌కి ముందున్న ఇంప్రెషన్లతో ఇప్పటివి పోల్చి క్లయింట్‌కి పంపొద్దు. ఇప్పటికే ఈ టూల్ వాడుతున్నవాళ్లు పాత ర్యాంకుల డేటా అంతా ఈరోజే డౌన్‌లోడ్ చేసుకోండి, ప్లాన్ అయిపోతే అది కూడా తీసేస్తామని అదే నిబంధనల పేజీలో కింద ఉంది.

డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. టూల్ అమ్మినప్పటి ప్లాన్ పేజీ స్క్రీన్‌షాట్ బ్యాంకు వాళ్లు అడుగుతున్నారు. 2025 దసరా రోజుల్లో ఎవరైనా ఆ పేజీ సేవ్ చేసుకుని ఉంటే దయచేసి పంపండి.