మూత తీయని మేస్త్రి: విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేడియేటర్ దుకాణం

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక సందులో ఉన్న ఆ రేడియేటర్ దుకాణానికి నేను కారు తీసుకుని వెళ్ళేసరికి ఉదయం పదకొండు దాటింది. మేస్త్రి బోనెట్ ఎత్తించి, రేడియేటర్ పై పైపుకు దగ్గరగా చెయ్యి పెట్టి చూసి, "గంటన్నర ఆగాలండి, అప్పటిదాకా దీన్ని ముట్టుకోను" అని చెప్పి పక్కనున్న ట్రాక్టరు పని మీదికి వెళ్ళిపోయారు. ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చిన నాకు ఆ మాట చిరాకు తెప్పించిందన్నది దాచను. అయితే ఈ సమీక్ష రాయాలని అనిపించింది కూడా ఆ గంటన్నర వల్లనే. అనుమతి అడగలేదు కనుక దుకాణం పేరు రాయడం లేదు. అక్కడ పని ఎలా జరిగిందో మాత్రం వివరంగా రాస్తాను, ఇంకెక్కడ ఈ పని చేయించుకున్నా పోల్చి చూసుకోవడానికి పనికివస్తుంది.

మాది పదేళ్ళ పెట్రోలు కారు. మే నెలలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీతో నిలబడితే వేడి చూపే ముల్లు సగం దాటి పైకి వెళ్ళేది, ఏలూరు వైపు జాతీయ రహదారి ఎక్కగానే మళ్ళీ తన చోటికి దిగేది. కూలెంట్ (ఇంజినును చల్లబరచడానికి నీటితో కలిపి పోసే ద్రవం) డబ్బాలో మట్టం వారం వారం తగ్గుతున్నా కారు కింద నేల మీద ఒక్క చుక్క కనిపించేది కాదు. అంతకుముందు నేను వెళ్ళిన సర్వీసు కేంద్రంలో ప్రతిసారీ "కూలెంట్ టాప్ అప్" అని బిల్లులో రాసేవారు. మూడోసారి నేను అక్కడే నిలబడి చూస్తే, కుర్రవాడు కుళాయి దగ్గర క్యాను నింపుకుని వచ్చి పోశాడు. మా వైపు బోరు నీళ్ళు కాచిన గిన్నెకు అడుగున తెల్లటి పొర కడుతుంది. అదే పొర ఇంజిను లోపలి సన్నని దారుల్లోనూ, రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుందని ఆలోచించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మేస్త్రి అడిగిన మొదటి ప్రశ్న, "ఆగినప్పుడు ఎక్కుతోందా, పోయేటప్పుడు ఎక్కుతోందా?" అని. బండి ఆగినప్పుడు వేడెక్కి, పరుగులో చల్లబడుతుంటే రేడియేటర్‌కు గాలి అందడం లేదని, అంటే ఫ్యాను గానీ, రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము గానీ కారణమని ముందుగా అనుమానించాలి. వేగంగా పోయేటప్పుడే వేడెక్కితే లోపల పూడిక, బలహీనపడిన వాటర్ పంపు, సరిగా తెరుచుకోని థర్మోస్టాట్ (ఇంజిను వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) వంటివి చూడాలి. మట్టం తగ్గిన బండి మాత్రం రెండు విధాలుగానూ మొరాయిస్తుంది కనుక ముందు కారేచోటు పట్టుకోవాలన్నది ఆయన లెక్క.

ఇక ఆ గంటన్నర సంగతి. మా కారు రేడియేటర్ మూత మీద 0.9 అని ముద్రించి ఉంటుంది. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే 0.9 బార్ (ఒక బార్ అంటే దాదాపు మామూలు గాలి ఒత్తిడి అంత) పెరిగేదాకా మూత వదలదని దాని అర్థం. సముద్రమట్టం దగ్గర తెరిచిన గిన్నెలో 100 డిగ్రీలకు మరిగే నీరు అంత ఒత్తిడిలో దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు. సగం నీరు, సగం కూలెంట్ కలిపిన ద్రవమైతే 125 డిగ్రీల చుట్టుపక్కల దాకా నిలుస్తుంది. అందువల్ల 110 డిగ్రీల వేడిలో కూడా అది ద్రవంగానే తిరుగుతూ ఇంజినును చల్లబరుస్తుంది. సరిగ్గా ఆ సమయంలో ఎవరైనా మూత తిప్పితే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, అప్పటిదాకా మరగకుండా ఆగిన ద్రవంలో కొంత భాగం క్షణంలో ఆవిరై మిగిలినదాన్ని పైకి చిమ్ముతుంది. ముఖం, మెడ, చేతులు కాలిపోయే ప్రమాదం అక్కడే ఉంది. రోడ్డు పక్కన పొగలు కక్కుతున్న బండి మూతను తడిగుడ్డతో తిప్పే దృశ్యం మన వేసవిలో అరుదేమీ కాదు.

దుకాణంలో కొత్తగా చేరిన కుర్రవాడు కూడా నలభై నిమిషాలు గడిచాక మందపాటి గుడ్డ పట్టుకుని మూత దగ్గరికి వచ్చాడు. మేస్త్రి ఉన్నచోటి నుంచే "ఒరేయ్, గుడ్డేస్తే ఆవిరి ఆగుద్దా?" అని అరిచారు. పై పైపును పిసికి చూసి, అది గట్టిగా ఉబ్బి ఉంటే లోపల ఒత్తిడి ఉన్నట్లేనని వాడికి చూపించారు. పైపు మెత్తబడి, రేడియేటర్ మీద అరచెయ్యి హాయిగా ఆనించగలిగాకనే మూతను తీశారు. అంతకుముందే చేసిన ఇంకొక పని నాకు బాగా నచ్చింది: తాళం తీసి చేతిలో పెట్టుకున్నాక కూడా ఫ్యాను ప్లగ్గు ఊడదీశారు. చాలా కార్లలో ఇంజిను ఆపిన తరవాత కూడా వేడిని బట్టి ఫ్యాను దానంతట అది తిరగవచ్చు, ఆ సమయంలో రెక్కల మధ్య వేళ్ళు ఉంటే జరిగేది చెప్పనక్కర్లేదు.

చదివేవారు తమ బండిలో మూత ఎక్కడుందో ఒకసారి చూసుకోవడం మంచిది. మా కారులో ఒత్తిడి మూత రేడియేటర్ మీద ఉంటుంది, పక్కనున్న తెల్ల డబ్బాలో ఒత్తిడి ఉండదు. ఇప్పటి చాలా కార్లలో రేడియేటర్‌కు మూతే ఉండదు, ఒత్తిడి మూత ఆ డబ్బా మీదనే ఉంటుంది. "డబ్బాయే కదా" అని వేడి మీద దాన్ని తిప్పితే ఫలితం ఒకటే. మట్టం చూడటానికి ఏ మూతా తీయనవసరం లేదు, డబ్బా బయట రెండు గీతలు ఉంటాయి, చల్లారిన ఇంజినుతో ఉదయం పూట వాటి మధ్య ఉందో లేదో చూస్తే చాలు.

చల్లారాక చేతిపంపు, గడియారం ముఖం లాంటి గేజి ఉన్న ప్రెషర్ టెస్టర్‌ను మూత స్థానంలో బిగించి 0.9 బార్ దాకా గాలి కొట్టారు. ఐదు నిమిషాల్లో ముల్లు కిందికి జారింది. కింది పైపు క్లిప్పు చుట్టూ ఎండిపోయిన ఆకుపచ్చ పొడి, దాని పక్కన అప్పుడే మెరుస్తున్న తడి కనిపించాయి. నడిచేటప్పుడు అక్కడ వచ్చే చుక్క వేడి లోహం మీదే ఆవిరైపోతున్నందువల్ల నేల మీద మరక పడలేదు. తరవాత మూతను కూడా అదే పంపుకు బిగించి చూస్తే 0.5 దగ్గరే గాలి వదిలేసింది. లోపలి రబ్బరు గట్టిపడి పగిలింది. ఇంతకాలం కారిన ద్రవంలో కొంత ఆ మూత దారిన పోయిందన్నమాట. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిను పై భాగానికీ బ్లాకుకూ మధ్య ఉండే సీలు) సంగతి కూడా ఆయన వదల్లేదు: ఇంజిన్ ఆయిలు పాలు కలిసినట్టు ఉందా, నడుస్తుండగా రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు వస్తున్నాయా, సైలెన్సర్ నుంచి తియ్యని వాసనతో తెల్ల పొగ వస్తోందా అని చూసి, అవేవీ లేవని తేల్చారు. గేజి చూపించకుండా "రేడియేటర్ మార్చాలి" అని చెప్పే చోట్ల కంటే ఈ దుకాణం ఇక్కడ చాలా మెరుగు.

కిందికి దింపిన పాత ద్రవం బురద కలిసిన ఇటుక రంగులో వచ్చింది. డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజినును వేడెక్కనిచ్చి, మళ్ళీ చల్లార్చి దింపడం మూడుసార్లు జరిగింది, మూడోసారికి నీళ్ళు తేటపడ్డాయి. ఆమ్లంతో కడిగే పద్ధతి లారీ రేడియేటర్ల ఇత్తడి కోర్లకు (గొట్టాలు, రెక్కలు ఉన్న మధ్య భాగానికి) కొందరు వాడుతుంటారు. అల్యూమినియం కోరు, ప్లాస్టిక్ ట్యాంకులు ఉన్న కారు రేడియేటర్‌కు అది పనికిరాదని ఆయనే ముందుగా చెప్పారు. బయటి రెక్కలను ఇంజిను వైపు నుంచి బయటికి తక్కువ ధారతో కడిగితే ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య నుంచి ఎండిన పురుగులు, దుమ్ము దోసెడు వచ్చాయి. సిగ్నల్ దగ్గర ముల్లు లేవడానికి సగం కారణం అదేనని నా నమ్మకం.

కూలెంట్ విషయంలో మాత్రం మేస్త్రికీ నాకూ చిన్న వాదన జరిగింది. "ఆకుపచ్చదానికి ఆకుపచ్చదే పోస్తే సరిపోద్దండి" అన్నది ఆయన మాట. రంగు అనేది తయారీదారు కలిపే అద్దకం మాత్రమే, దానికి ఉమ్మడి నియమం ఏదీ లేదు. జపాన్, కొరియా కంపెనీలు సాధారణంగా సిలికేట్ లేని, ఫాస్ఫేట్ ఉన్న రకాన్ని (రెండూ తుప్పును ఆపడానికి కలిపే లవణాలే) కోరుకుంటాయి. కఠిన జలంతో కలిస్తే ఫాస్ఫేట్ తెట్టు కడుతుందన్న కారణంతో ఐరోపా కంపెనీలు చాలావరకు దాన్ని దూరం పెట్టాయి. కుళాయి నీళ్ళు కలిపిన మా బండిలో ఎర్రమట్టితో పాటు తెల్ల నలుసులు కూడా వచ్చాయంటే ఆశ్చర్యం లేదు. రెండు వేర్వేరు రకాలు కలిసినప్పుడు తుప్పును ఆపే గుణం తగ్గిపోవడం, ఒక్కోసారి జిగురులా గడ్డకట్టడం కూడా జరుగుతుంది. కనుక నేను బండి పుస్తకం తెరిచి చూపించాను, అందులో రాసిన రకాన్నే, సీసా మీద ఐఎస్ 5759, జేఐఎస్ కే 2234 (కూలెంట్‌కు భారత, జపాన్ ప్రమాణాలు) అని ముద్రించినదాన్నే తెప్పించాను. ఆయన మొహమాటం లేకుండా ఒప్పుకున్నారు, అది మెచ్చుకోదగ్గ విషయం.

కలిపే పాళ్ళలో నేనే ఆయన దగ్గర నేర్చుకున్నాను. నేను ముందే నీళ్ళు కలిపిన సీసాలు కొందామని అనుకున్నాను. ఎంత దింపినా ఇంజిను బ్లాకులో కడిగిన నీళ్ళు లీటరు పైన మిగిలిపోతాయి, దాని మీద కలిపినది పోస్తే మొత్తం పలచబడుతుంది. అందుకని 4 లీటర్లు పట్టే మా బండిలో ముందు 2 లీటర్లు చిక్కటి కూలెంట్ పోసి, మిగిలిన ఖాళీని డిస్టిల్డ్ వాటర్‌తో నింపారు. చిక్కటిదే పూర్తిగా పోస్తే ఇంకా మంచిది కదా అనుకునేవారు ఉన్నారు. వేడిని మోసే గుణం నీటికే ఎక్కువ, కాబట్టి నీళ్ళు లేని కూలెంట్ ఇంజినును సరిగా చల్లబరచలేదు. గడ్డకట్టే చలి లేని ఊరిలో కూలెంట్ ఎందుకని అడిగేవారికి, మన దగ్గర దాని పని తుప్పును ఆపడం, మరిగే డిగ్రీని పెంచడం అని జవాబు.

థర్మోస్టాట్ వాల్వు తీసి పారేస్తే బండి చల్లగా ఉంటుందన్న సలహా మన వైపు మెకానిక్కుల నోట తరచుగా వినిపిస్తుంది. ఈ మేస్త్రి దాన్ని తీసి, గిన్నెలో కాచిన నీళ్ళలో వేసి తెరుచుకుంటోందని చూపించి, కొత్త సీలుతో తిరిగి పెట్టారు. అది లేకపోతే ఇంజిను తన వేడికి చేరడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. బెల్టు, వాటర్ పంపు బాగానే ఉన్నాయి. చివరగా హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, మూత తెరిచే ఇంజిను నడిపి, లోపలి గాలి బుడగలు పోయేదాకా కొద్దికొద్దిగా నింపారు. ఎయిర్ లాక్ మిగిలితే ఇంతసేపు చేసిన పని అంతా వృథా అవుతుంది.

నచ్చనివి కూడా రాయాలి. దింపిన పాత కూలెంట్‌ను వాకిట్లో వెడల్పాటి బేసిన్‌లో తెరిచి ఉంచారు, దానికి పది అడుగుల దూరంలో రెండు వీధికుక్కలు పడుకుని ఉన్నాయి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, కుక్కలు ఇష్టంగా నాకుతాయి, పిల్లులు కూడా నాకుతుంటాయి, కొద్ది మోతాదే మూత్రపిండాలను పాడుచేసి ప్రాణం తీస్తుంది. చిన్నపిల్లలకూ అంతే ప్రమాదం. నేను చెప్పాక దాన్ని మూత ఉన్న డ్రమ్ములో పోశారు, కానీ ఆ డ్రమ్ము సాయంత్రానికి మురుగుకాలువలోకే పోతుందని కుర్రవాడి మాటల్లో అర్థమైంది. మిశ్రమం పాళ్ళు కొలిచే రిఫ్రాక్టోమీటరు ఆ దుకాణంలో లేదు, అంతా కంటి అంచనాయే. బిల్లు అడిగితే అట్టముక్క మీద రాసి ఇచ్చారు.

కొత్త మూత, కింది పైపు, రెండు క్లిప్పులు, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, కూలీ అన్నీ కలిపి 2,850 రూపాయలు అయింది. పని పూర్తయ్యేసరికి సాయంత్రం ఐదున్నర. వారం తరవాత ఉదయాన్నే చల్లటి ఇంజినుతో రమ్మన్నారు. వెళ్తే డబ్బాలో మట్టం వేలెడు తగ్గి ఉంది, మిగిలిన గాలి బయటికి వచ్చినందువల్ల అలా జరుగుతుందని చెప్పి, నా దగ్గర మిగిలిన మిశ్రమమే పోశారు, డబ్బు తీసుకోలేదు. ఆ తరవాత మూడు నెలలుగా మట్టం గీత మీదనే ఉంది, బెంజ్ సర్కిల్ దగ్గర ముల్లు కదలడం లేదు.

ఎవరైనా వెళ్ళదలిస్తే ముందురోజు సాయంత్రమే బండిని అక్కడ వదిలి రావడం ఉత్తమం, తెల్లవారేసరికి ఇంజిను చల్లగా ఉంటుంది కనుక గంటన్నర మిగులుతుంది. బండి పుస్తకం, సరైన రకం కూలెంట్, మూత ఉన్న ఖాళీ క్యాను ఒకటి వెంట తీసుకువెళ్ళండి.