కౌన్సెలింగ్ పీజీ, లైసెన్స్ అని పైసలు గుంజుతున్నరు... జర పైలం

నల్లగొండల సైకాలజీ పీజీ కోసం తిరిగినోళ్లకు ఆ కన్సల్టెన్సీ పేరు నేను చెప్పనక్కర్లేదు. "ఇంట్లనే ఉండి ఎమ్మెస్సీ కౌన్సెలింగ్ సైకాలజీ, దాంతోపాటే లైసెన్స్" అని ఫ్లెక్సీలు కట్టినోళ్లే. ఇప్పుడు మహబూబ్‌నగర్‌ల కూడ బ్రాంచి పెట్టిన్రట, అందుకే రాస్తున్న.

నేను ప్రైవేట్ స్కూల్ల టీచర్‌ని. ఉద్యోగం, ఇల్లు ఇడిసి హైదరాబాద్‌ల ఉండి చదివే వీలు లేదు. అసుమంటోళ్లే వాళ్లకు కావాలె. దసరా ముందు చిట్టి పాడి డెబ్బై వేలు కట్టిన. ఫోన్‌పే కొట్టింది యూనివర్సిటీ ఖాతాకు కాదు, ఆ కన్సల్టెన్సీ నడిపే సారు బామ్మర్ది నంబరుకు. పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్‌ని మల్ల నేను!

"మేడం, మీ లైసెన్స్ వచ్చింది, తీస్కపోండి" అని ఫోన్ చేస్తే నిన్న పోయిన. ఒక్క క్లాసు కాలే, ఒక్క పరీక్ష రాయలే, లైసెన్స్ మాత్రం వచ్చేసింది. లామినేషన్ చేసిన కాయితం, మూలకు బంగారు రంగు స్టిక్కర్, నడుమ నా పేరు, కింద "లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్". రిజిస్ట్రేషన్ నంబర్ అన్నకాడ ఓ నంబరు. ఎక్కడ్నో చూసినట్టుందే అని పర్సులకెళ్లి ఫీజు రసీదు తీసిన. అదే నంబరు! ముందల రెండు ఇంగ్లిష్ అక్షరాలు తగిలించిన్రు, అంతే.

"సార్, ఆర్‌సీఐ వెబ్‌సైట్ల నా పేరు వస్తదా?" అన్న. ఆర్‌సీఐ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, క్లినికల్ సైకాలజిస్టుల పేర్లు రిజిస్టర్ చేసే కేంద్ర సంస్థ.

"ఎందుకు రాదు మేడం, జర టైం పడ్తది. మీరైతే బోర్డు మీద క్లినికల్ సైకాలజిస్ట్ అని రాయించుకోండి, ఎవడడుగుతడు?"

"ఇది నా రసీదు నంబరే కద సార్?"

ఆయన కాయితం దిక్కు చూడనే లేదు. పక్క కుర్చీల ఉన్న కొత్తమ్మాయి దిక్కు, వాళ్ల నాయిన దిక్కు చూసి నవ్విండు. "మేడంకు టెన్షన్ ఎక్కువైంది. ముందుగాల మీకే ఎవరన్న కౌన్సెలింగ్ ఇయ్యాలె మేడం" అన్నడు. ఆఫీసంత నవ్వుడే. చాయ్ తెచ్చిన పిలగాడు సుత నవ్విండు. ఆ పెద్దాయన మాత్రం నవ్వలే. చేతుల ఉన్న పైసల కవరు సప్పుడు చేయకుండ మల్ల అంగీ జేబుల పెట్టుకున్నడు. నా డెబ్బై వేలతోని ఇంకో ఇంటి పైసలన్న మిగిలినయ్ పో.

వాపస్ ఇయ్యమంటే రసీదు వెనుక "నాన్ రిఫండబుల్" అని చూపెట్టిండు. అది చదవాల్నంటే ఎమ్మెస్సీ కాదు, భూతద్దం కావాలె.

రాత్రంత కూసొని అన్నీ తీసి చూసిన. అసలు నా దగ్గర పైసలు తీసుకున్ననాటికి ఆ సీటే లేదు! 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీల దూరవిద్య, ఆన్‌లైన్ అడ్మిషన్లు చేయొద్దని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఆగస్టుల్నే చెప్పేసింది. వైద్యానికి అనుబంధ వృత్తుల కోసం 2021ల వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందికి ఈ చదువు వస్తదని ఆపిన్రు. ఇంక దూరవిద్యల ఏది చేరాల్నన్న మనమే యూజీసీ సైట్ల డెబ్ ఐడీ, అంటే దూరవిద్య విద్యార్థికి ఇచ్చే సొంత నంబరు, తీసుకోవాలె. నన్ను అడిగితే "అవన్నీ మేం చూస్కుంటం, ఓటీపీ చెప్పండి చాలు" అన్నరు.

లైసెన్స్ ముచ్చట ఇంకా ఘోరం. ఆ లైసెన్స్‌డ్ ప్రొఫెషనల్ కౌన్సెలర్ అన్నది అమెరికల రాష్ట్రాలు ఇచ్చేది. ఆడ మాస్టర్స్ చేసి, ఒకరి పర్యవేక్షణల ఏండ్ల తరబడి పనిచేసి, పరీక్ష పాసైతే ఇస్తరు. మనోడు లామినేషన్ మిషన్లకెళ్లి తీసిండు. మన దేశంల క్లినికల్ సైకాలజిస్ట్ అనిపించుకోవాల్నంటే ఆర్‌సీఐ ఒప్పుకున్న కోర్సు ఆస్పత్రి ట్రైనింగ్‌తోని చేసి, వాళ్ల రిజిస్టర్ల పేరెక్కాలె. ఉట్టి ఎమ్మెస్సీతోని ఎక్కదు. పేరెక్కకుండ ఆ పని చేస్తే 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాక జైలు, లేకుంటే వెయ్యి రూపాయల దాక జుర్మానా, రెండూ కూడ పడొచ్చు. సారు చెప్పినట్టు బోర్డు రాయించుకుంటే జైలుకు పోయేది నేను, ఏసీ రూముల కూసునేది ఆయన!

చేరాలనుకునేటోళ్లు పైసలు తీసే ముందు యూనివర్సిటీ పేరు యూజీసీ సైట్ల, ఆర్‌సీఐ కోర్సు అంటే ఆ కాలేజీ పేరు ఆర్‌సీఐ సైట్ల చూడండి. వీలున్నోళ్లు పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ రాసి ఓయూల రెగ్యులర్ పీజీకి పోండి. ఎవరి సొంత నంబరుకూ ఫోన్‌పే కొట్టకండి.

నేనైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసిన, వినియోగదారుల కమిషన్ల కేసు కూడ వేస్తున్న. మనం కట్టిన పైసలు 5 లక్షల దాక అయితే కేసు వేసేటందుకు ఫీజు లేదు. వీళ్ల దగ్గర కట్టినోళ్లు ఇంకెవరన్న ఉంటే ఇన్‌బాక్స్‌ల చెప్పండి, రసీదులు మాత్రం పారేయకండి. లైసెన్స్ కాయితం వచ్చినోళ్లు దాని మీది నంబరు, రసీదు నంబరు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి పంపండి.