వ్యవసాయ విద్యార్థుల ఆదివారం పొలం నడక: ఒక సమీక్ష

హైదరాబాద్ శివారులోని ఒక విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్ర విద్యార్థులు నడుపుతున్న నేల, నీటి సంరక్షణ క్లబ్, సెమిస్టరు సాగినన్నాళ్లూ ఆదివారం ఉదయాల్లో బయటివారిని కూడా తమ పొలంలోకి రానిస్తోంది. పొలం నడక, మట్టి పరీక్ష, మిద్దె తోటల సలహా అనే మూడింటిలో మొదటిదాని కోసమే నగరం ఆ చివరి నుంచి బయలుదేరి వెళ్లినా నష్టం లేదు.

ఎర్ర చెల్కలో, అంటే ఇసుక పాలు ఎక్కువగా ఉండే ఎర్ర నేలలో, పక్కపక్కనే ఉన్న రెండు మడులను వారు చూపిస్తారు. ఒకదానిని దున్ని ఖాళీగా వదిలేశారు, రెండవదానిలో వాలుకు అడ్డంగా సాళ్లు తీసి, మొక్కజొన్న చొప్పను నేలపై పరిచి, కంది వేశారు. రెండింటి నుంచీ తీసిన మట్టి పెళ్లలను నీళ్ల గ్లాసుల్లో వేస్తే, మొదటిది చూస్తుండగానే కరిగి బురదగా మారుతుంది, రెండవది చాలాసేపు విడిపోకుండా నిలుస్తుంది. వాన చినుకుల దెబ్బకు మట్టి రేణువులు చెదిరి, సన్నని రేణువులు రంధ్రాలను మూసివేసి, ఎండకు పైన గట్టి పొరగా మారడం వల్లనే తరువాతి వాన ఇంకకుండా పారిపోతుందని, ఒక విద్యార్థిని రైతుకు చెప్పినంత తేటగా వివరించింది. కంది వేరు బుడిపెను చీల్చి, లోపల గులాబీ రంగు ఉంటే అది గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తున్నట్లేనని కూడా చూపించారు. నల్లరేగడి తడిసి ఉబ్బినప్పుడు నీటిని లోపలికి పోనివ్వదు కాబట్టి అక్కడ ఎత్తు మడులు, కాలువల పద్ధతి కావాలని, చెల్కకు చెప్పిన ఉపాయం దానికి పనిచేయదని అడగకుండానే చెప్పారు. 1972లో మొదలైన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పటాన్‌చెరు క్షేత్రంలో ఈ రెండు రకాల నేలలూ ఉన్నాయన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగిన విషయం.

మట్టి పరీక్షకు నమూనా తీసే విధానాన్ని శ్రద్ధగా నేర్పుతారు. గట్ల పక్కన, చెట్ల నీడలో, పెంటకుప్పల దగ్గర తీయకూడదు. వేర్వేరు చోట్ల 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తవ్వి, అంచు నుంచి తీసిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేస్తూ అర కిలోకు తగ్గించాలి. అయితే ఫలితంలో ఉదజని సూచిక (పీహెచ్), లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం మాత్రమే ఉంటాయి. 2015లో మొదలైన, మట్టి పరీక్ష ఫలితాలతో ప్రభుత్వం రైతులకిచ్చే సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి కనుక, భాస్వరం, జింకు వంటివి తెలియాలంటే ప్రభుత్వ ప్రయోగశాలకే వెళ్లాలి. ఆ మాట వారే ముందుగా చెప్పడం నాకు నచ్చింది.

మిద్దె తోటల సలహా మాత్రం నిరాశపరిచింది. రద్దీ ఎక్కువ, చెప్పేవారు తక్కువ. పైగా లెక్కలన్నీ ఎకరాల్లోనే ఉంటాయి. పురుగుల నివారణకు చల్లే అయిదు శాతం వేపగింజల కషాయానికి 100 లీటర్లకు అయిదు కిలోల గింజల పొడి అని బోర్డుపై రాశారు గానీ, కుండీల వారికి లీటరుకు 50 గ్రాములని రాసి ఉంటే సరిపోయేది. పరీక్షల కాలంలో అంతా మూసేస్తారు, ఆ ప్రకటన గేటు దగ్గర కాగితంపై తప్ప మరెక్కడా కనబడదు; ముందుగా ఫోను చేసి వెళ్లడం మేలు. వానలు మొదలయ్యాక వెళితే రెండు మడుల్లో నీరు పారే తీరును కళ్లారా చూడవచ్చు, కాకపోతే ఆ బురదలో చెప్పులు నిలవవు, బూట్లు తప్పనిసరి.