బడిలో వంటా, ఆయా పనా, అంగన్‌వాడీ హెల్పరా: ఏది మేలు?

ఊళ్ళోనే ఉండి, ఇల్లు చూసుకుంటూ, నెలకు ఎంతో కొంత చేతికి రావాలనుకునే ఆడవాళ్ళకు ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడి చుట్టూ దొరికే పనులు ముఖ్యంగా మూడు. మధ్యాహ్న భోజనం వండడం, ఆయాగా మరుగుదొడ్లు కడగడం, చాలాచోట్ల బడి పక్కనే ఉండే అంగన్‌వాడీలో హెల్పర్‌గా చేరడం. వంటకు నెలకు 3,000 రూపాయలు, ఆయాకు 6,000, హెల్పర్‌కు 7,000. అంకెలు చూస్తే ఇంకా అడగడానికేముంది అనిపిస్తుంది. కానీ అప్పు ఎవరి నెత్తిన పడుతుంది, రేపు పొమ్మంటే చూపించడానికి చేతిలో కాగితం ఉంటుందా? ఈ రెండూ తేలకుండా ఏది మేలో చెప్పలేం.

ముందు వంట సంగతి. 3,000 అంటాం గానీ ఈ గౌరవ వేతనం ఏడాదికి పది నెలలకే. అంటే 30,000. పన్నెండు నెలలకు పంచుకుంటే నెలకు 2,500. కేంద్ర పథకం కింద 2009లో ఖరారైన 1,000 రూపాయలు ఈనాటికీ కదల్లేదు. 2019 నుంచి రాష్ట్రం పైన కలుపుతున్నందువల్లే అది మూడు వేలయింది. పని చూస్తే అంత తేలిక కాదు. 25 మంది పిల్లల దాకా ఒక్కరే వండాలి, 26 నుంచి 100 మంది దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఇంకొకరు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు తలకు 150 గ్రాముల బియ్యం. వంద మందికి పదిహేను కిలోలు! ఆ గిన్నెను పొయ్యి మీద నుంచి దించేది ఇద్దరు ఆడవాళ్ళే. ఆ తర్వాత వడ్డన, గిన్నెలు తోమడం, వంటగది కడగడం.

అంతకంటే బరువైంది అరువు. బియ్యం సర్కారు ఇస్తుంది. గుడ్లు, చిక్కీలు కూడా వస్తాయి. కూరగాయలు, పప్పు, నూనె, గ్యాస్ మాత్రం వండే మహిళలే ముందు పెట్టుకోవాలి, బిల్లు తర్వాత పడుతుంది. పిల్లకు రోజుకు 5 రూపాయల చొప్పునే లెక్కేసుకున్నా వంద మందికి, నెలకు 22 పనిదినాలకు 11,000 రూపాయలు. బిల్లు రెండు నెలలు ఆగితే 22,000 అప్పు. ఆ ఇద్దరికీ రెండు నెలలకు రావలసిన వేతనం కలిపినా 12,000. వేతనం కూడా బిల్లుతోపాటే ఆగిందనుకోండి, కిరాణా కొట్టు ముందు నుంచి నడవడానికి కూడా మొహం చెల్లదు. కూలి చేసే మనిషే సర్కారుకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టు లెక్క. ఇది అన్యాయమని చెప్పడానికి నాకు ఏ సంకోచమూ లేదు. ఉత్తరప్రదేశ్‌లో వంటమనిషికి నెలకు 1,000 ఇవ్వడం వెట్టిచాకిరీయేనని 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు తేల్చింది.

అయినా వంట పనికి ఒక విలువ ఉంది. వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. దళిత మహిళ వండిన అన్నం ఊరి పిల్లలంతా ఒకే వరసలో కూర్చుని తినడం చిన్న సంగతి కాదు. మరుగుదొడ్ల పని మళ్ళీ మళ్ళీ ఆ మహిళల వైపే నెడుతున్నప్పుడు, ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఆయా పనిలో అరువు బెడద లేదు, వేతనం రెట్టింపు. కానీ రోజుకు ఒకసారి కడిగి ఊరుకునే పని కాదు. విరామం అయిన ప్రతిసారీ చూసుకోవాలి. గ్లౌజులు, బూట్లు, ఫినాయిల్ సరిగ్గా ఇస్తున్నారా అన్నది చేరకముందే అడగండి. ఇంకోటి, ఈ పనికి పెట్టుకునేది బడి కమిటీ. కమిటీ మారితే, ఊళ్ళో పార్టీ గాలి మారితే ఆయా మారే ప్రమాదం ఉంది. నియామకం రాతపూర్వకంగా ఇవ్వమని పట్టుబట్టాలి. కనీసం హాజరు పట్టీలో రోజూ సంతకం ఉండేలా చూసుకోవాలి.

అంగన్‌వాడీ హెల్పర్ పని కూడా తక్కువ చాకిరీ ఏం కాదు. ఊడవడం, వండడం, చిన్నపిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకురావడం, తినిపించడం అన్నీ ఆమెవే. తెలంగాణలో హెల్పర్‌కు 7,800 ఇస్తున్నారు, ఇక్కడ అంతకూడా లేదు. కానీ ఈ పనికి నోటిఫికేషన్ ఉంటుంది, నియామక పత్రం ఉంటుంది, ప్రసూతి సెలవు ఉంటుంది. అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు గ్రాట్యుటీకి (పని మానేటప్పుడు, చేసిన ఏళ్ళను బట్టి ఇచ్చే మొత్తానికి) అర్హులని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తర్వాత వర్కర్‌గా పదోన్నతికి దారి కూడా ఉంది. అన్నిటికన్నా పెద్ద బలం సంఘం. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించినా, రాష్ట్రమంతా సమ్మెలో నిలబడగలిగారు. ఒక్కో బడిలో ఒకరో ఇద్దరో ఉండే ఆయాలకు అలా కూడగట్టుకోవడం చాలా కష్టం.

అందుకే 35 ఏళ్ళు దాటని, చదువు అర్హత ఉన్న స్థానిక మహిళకు నేను చెప్పేది ఒక్కటే: హెల్పర్ పోస్టు పడితే వదలొద్దు, దానికోసం కొన్నాళ్ళు ఆగినా పర్వాలేదు. వయసు దాటిపోతే ఆయా పని చూడండి, వేతనం నెలనెలా పడుతోందో లేదో పాత ఆయాను కనుక్కున్నాకే. వంటలోకి మాత్రం ఇంట్లో ఇంకో రాబడి ఉండి, రెండు మూడు నెలల అరువు తట్టుకోగలిగితేనే దిగాలి. పిల్లలు వంద దాటిన బడిలో మూడో మనిషిని పెడతారో లేదో హెడ్మాస్టర్‌ను ముందే అడగాలి. అక్షయపాత్రలాంటి కేంద్రీకృత వంటశాల నుంచి భోజనం వచ్చే ఊరైతే అసలు వండే పనే ఉండదు, వడ్డనే మిగులుతుంది.

ఇప్పటికే వంటలో ఉన్నవాళ్ళు, వయసు 40 లోపైతే, అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పింఛను పథకం శ్రమయోగి మాన్‌ధన్‌లో చేరే వీలుంది. మీరు కట్టినంత కేంద్రమూ కడుతుంది, 60 దాటాక నెలకు 3,000 పింఛను. పథకాల కింద పనిచేసేవాళ్ళను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు ఇంకా అమలుకు నోచుకోలేదు. అది అమలయ్యేదాకా ప్రతి బిల్లు పెట్టిన తేదీ, డబ్బు పడిన తేదీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మండల విద్యాధికారి ముందు నిలబడి అడగాల్సి వచ్చినప్పుడు ఆ తేదీలే మీకు ఆధారం.